సంకల్పములో మన కూకట్‌పల్లి



ఏ శుభకార్యమునకైనను ముందుగా చెప్పుకొను సంకల్పములో కాలమును, దేశమును స్మరించుట మన సంప్రదాయము. శ్రీశైలమునకు వాయవ్య దిక్కున, కృష్ణా గోదావరీ నదుల నడిమి దేశమున ఉన్నవారమని చెప్పి, పిదప ఊరి పేరును, కర్త గోత్రనామములను పలుకుదుము. అర్చకుడు గబగబ చదివివేయు భాగమని తలచి చాలమంది దీనిని వినక విడుతురు. నిజమునకు అది మన ఊరి భూగోళము. ఈ జీర్ణోద్ధరణ సంచికలో దానినే కొంచెము విప్పి చెప్పదలచితిని.

మన ఊరికి నది లేదు, వాగు కలదు. దక్కను పీఠభూమిపై గ్రానైటు రాతి నేల మనది. అట్టి రాయి లోపల నీటిని నిలుపుకొనలేదు. పైనున్న మెత్తని పొరలో ఇంకినంతయే మనకు దక్కును. కనుకనే పూర్వులు పల్లపు చోట్ల కట్టలు పోసి చెరువులు నిర్మించిరి. ఒక చెరువు నిండి అలుగు పారిన, ఆ నీరు దిగువ చెరువును చేరును. దీనినే గొలుసుకట్టు అందురు. నేడు చాలమంది ఐడీఎల్ చెరువు అను రంగధాముని చెరువు, నల్లచెరువు, మూసాపేటలోని కాముని చెరువు ఈ పరిసరముల పాత చెరువులే. పేలుడు పదార్థముల కర్మాగారము పేరు చెరువుకు అంటుకొని, రంగధాముని పేరు మరుగున పడినది!

ఇప్పుడు నాలా అని ముక్కు మూసుకొని దాటు కూకట్‌పల్లి వాగు ఈ నీటిని హుస్సేన్‌సాగరమునకు చేర్చును. ఆ సాగరము క్రీ.శ. 1562-63 ప్రాంతమున, ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున నిర్మితమైనది. అచ్చటి నుండి నీరు మూసీలో కలియును. అనంతగిరి కొండలలో పుట్టిన ఆ మూసీనే పెద్దలు ముచుకుందా నది అందురు. అది వాడపల్లిలో అగస్త్యేశ్వరుని సన్నిధిని కృష్ణలో సంగమించును. అనగా మన గాలిగోపురముపై పడిన వానచుక్క పోయి చేరునది కృష్ణమ్మనే.

మరి మనము త్రాగు నీరో? జంటనగరములకు 1960వ దశకము నుండి మంజీర నీరు వచ్చుచున్నది. మంజీర కందకుర్తి వద్ద గోదావరిలో కలియు ఉపనది. 2015 నుండి ఎల్లంపల్లి జలాశయపు గోదావరి జలమే నూరు మైళ్ళకు పైబడిన గొట్టములలో నగరమునకు చేరుచున్నది. కృష్ణా జలమును 2004 నుండి నాగార్జునసాగరము వైపు నుండి ఎత్తిపోయుచున్నారు. గోదావరి నీరు త్రాగి, కృష్ణలోనికి వదలుచున్న ఊరు మనది. నదుల నడిమి దేశమను మాట ఇంత అక్షరసత్యమగునని సంకల్పము కూర్చిన మహనీయులు తలచియుండరు.

ఇక పాలన మాట. నిజాం కాలమున నగరము చుట్టునున్న పల్లెలలో అధికభాగము సర్ఫెఖాస్, పాయిగా, జాగీరు భూములు. 1949లో సర్ఫెఖాస్ ప్రభుత్వములో కలిసినది. ఆ యేడే జాగీర్లు రద్దయినవి. ఊరిలో మాలిపటేలు, పోలీసుపటేలు, పట్వారీలతో పాటు నీరడి అను వాడుండెడివాడు. తూము ఎప్పుడు ఎత్తవలెను, ఏ మడికి ఎంత తడి, కట్టకు ఎక్కడ బుంగ పడినది, ఇవన్నియు వాని కంటి మీదనే ఉండెడివి. వానకాలపు రాత్రులందు కట్ట మీద తిరుగువాడు అతడే. ఊరిపాలన అనగా నాకు మొదట జ్ఞప్తికి వచ్చునది, పటేలు కాదు, నీరడియే.

1964 చట్టముతో రాష్ట్రమంతట గ్రామపంచాయతీలకు ఒకే పద్ధతి ఏర్పడినది. 1978లో రంగారెడ్డి జిల్లా అవతరించినది. వంశపారంపర్య పటేలు పట్వారీ పదవులు 1984లో రద్దుకాగా, మరుసటి యేడు మండలములు వచ్చినవి. హౌసింగ్‌బోర్డు కాలనీ వెలసినది కూడ ఆ దశకముననే. పంచాయతీ పోయి పురపాలక సంఘమైనది. 2007 ఏప్రిల్ 16న తక్కిన పదునొకండు పురపాలక సంఘములతో కూడి మనదియు మహానగరపాలక సంస్థలో విలీనమైనది. 2016లో జిల్లా మారి మేడ్చల్-మల్కాజిగిరి అయినది.

ఈ మార్పులను నిందించుట నా ఉద్దేశము కాదు. రోడ్లు, దీపములు, కుళాయిలు వచ్చినవి. 2017లో మెట్రోయు వచ్చినది. కాని నీరడి స్థానమున ఎవరు నిలిచిరి? చెరువు నీరు నీటిపారుదల శాఖది, శిఖము భూమి రెవెన్యూ వారిది, మురుగు జలమండలిది, చెత్త నగరపాలకులది. కట్ట మైసమ్మ మాత్రము అందరిది. అధికారము పెరిగి దూరమైన కొలది చెరువు కుంచించుకొని పోయినది.

2024లో హైడ్రా అను సంస్థ ఏర్పడి, ఆ సెప్టెంబరులో మన నల్లచెరువులోని ఆక్రమణలను తొలగించినది. అచ్చట షెడ్లలో అద్దెకుండి బ్రతుకు సాగించు చిరువ్యాపారులు నష్టపడిరి. శిఖము భూమిని సొమ్ము చేసుకొన్నవారు వారు కారు కదా! పిదప పూడిక తీసి చెరువును పునరుద్ధరించు పని సాగినది. ఆలయ జీర్ణోద్ధరణ వంటిదే చెరువు జీర్ణోద్ధరణయు. చెరువు త్రవ్వించుటను, దేవాలయ నిర్మాణమును ధర్మశాస్త్రములు పూర్తకర్మలని ఒకే పేరున పిలిచినవి.

విగ్రహ ప్రతిష్ఠకు ముందు జలాధివాసము చేయుదుము. శిలలో దోషమున్న నీటిలో బయల్పడునని పెద్దలందురు. పూర్వము దానిని ఊరి చెరువులోనో ఏటిలోనో జరుపుచుండిరి. ఇప్పుడు సిమెంటు తొట్టిలో కుళాయి నీరు నింపి, సప్తనదులను ఆవాహన చేయుచున్నాము. ఆ తొట్టి చెంత గోదావరిని పిలుచునపుడు నాకు సంకోచము లేదు; ఆమె గొట్టము వెంట వచ్చియే యున్నది.

కొందరు యువకులు, “స్వామీ, సంకల్పములో ఇంకను గ్రామమనియే చెప్పుచున్నారేమి?” అని అడుగుచుందురు. బొడ్రాయి ఉన్నంతవరకు, బోనాలకు గ్రామదేవత ముంగిట ఊరంతయు చేరినంతవరకు, నేను ఆ మాటను మార్చను.