అయాన్ అంటే వెళ్లేది

ద్రావణంలోకి విద్యుత్తు పంపినప్పుడు రెండు ధ్రువాల వైపూ కదిలేవాటికి ఏ పేరు పెట్టాలి? 1834లో మైకేల్ ఫారడే అడిగితే, కేంబ్రిడ్జి పండితుడు విలియం హ్యూయెల్ గ్రీకు నుంచి ‘అయాన్’ అందించాడు. అర్థం: వెళ్లేది.

మన ఉత్తరాయణంలోని ‘అయనం’ దీనికి దూరపు చుట్టమే. ‘వెళ్లు’ అనే అర్థమున్న ఒకే ప్రాచీన ధాతువు నుంచి రెండూ పుట్టాయి. ‘అయానిక బంధం’ పాఠం చదివే పిల్లలకు ఈ సంగతి చెప్పి తీరాలి.

విచిత్రమేమిటంటే, ఉప్పురాయిలో ఈ అయాన్లు ఎక్కడికీ వెళ్లవు. ఎలక్ట్రాన్‌ను వదులుకున్న సోడియానిది ధనావేశం, దాన్ని అందుకున్న క్లోరిన్‌ది రుణావేశం. ఆ రెంటి మధ్య ఆకర్షణే బంధం. అందుకే పొడి ఉప్పులో కరెంటు పారదు. నీళ్లలో కలిపినా, 801 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేసి కరిగించినా పట్టు సడలి అయాన్లు కదులుతాయి, కరెంటు పారుతుంది.