మానవ మాంస శోధన

మానవ మాంస శోధన (చైనీస్ భాషలో రెన్‌రౌ సౌసువో) అనగా, తప్పు చేసినట్లు భావింపబడిన వ్యక్తి పేరు, చిరునామా, ఉద్యోగం, కుటుంబ వివరాలను ఒకరికొకరు తెలియని వేలాది అంతర్జాల వాడుకరులు కలిసి వెదికి బయటపెట్టడం. ఇది 2000ల దశకంలో చైనాలో ప్రబలినది. పేరు భయంకరంగా ఉన్నప్పటికీ ఇందులో నరమాంస ప్రసక్తి ఏమీ లేదు. యంత్రానికి బదులు మనుషులే చేసే శోధన అని మాత్రమే దీని అర్థం.

ఆరంభం

మాప్ అనే చైనా చర్చావేదికలో అడిగిన ప్రశ్నకు జవాబు తెచ్చిన సభ్యులకు పాయింట్లు లభించేవి. 2001లో ఒక సభ్యుడు ఒక యువతి ఛాయాచిత్రాన్ని ఉంచి, ఆమె తన ప్రియురాలని చెప్పుకున్నాడు. ఆమె మైక్రోసాఫ్ట్ సంస్థ ప్రకటనలలో కనిపించిన మోడల్ అని తోటి సభ్యులు తేల్చారు. తొలి శోధనగా సాధారణంగా దీనినే పేర్కొంటారు.

వినోదం శిక్షగా మారినది 2006లో. ఎత్తు మడమల చెప్పులతో పిల్లికూనను తొక్కి చంపిన ఒక స్త్రీ వీడియో వ్యాపించగా, వారం తిరగకుండానే ఆమె హైలాంగ్‌జియాంగ్ రాష్ట్రానికి చెందిన నర్సు అని కనుగొన్నారు. ఆమె, చిత్రీకరించిన వ్యక్తి ఉద్యోగాలు కోల్పోయారు. అప్పట్లో చైనాలో పెంపుడు జంతువులపై క్రూరత్వాన్ని శిక్షించే చట్టమే లేదు. అనగా చట్టం విధించని శిక్షను జనమే విధించారు.

అధికారులపై ప్రయోగం

2008 డిసెంబరులో నాన్‌జింగ్ నగరంలోని జియాంగ్నింగ్ జిల్లా గృహనిర్మాణ అధికారి ఝౌ జియుగెంగ్, ఇళ్లను తక్కువ ధరకు అమ్మే వ్యాపారులపై చర్య తీసుకుంటామని ప్రకటించాడు. ఆగ్రహించిన జనం అతని ఛాయాచిత్రాలను పరిశీలించి, ముందున్న సిగరెట్లు కార్టన్‌కు 1500 యువాన్ల ఖరీదు చేసేవని, చేతి గడియారం విదేశీయమని గుర్తించారు. అతడు పదవి కోల్పోయాడు. 2009లో లంచాల నేరంపై 11 సంవత్సరాల జైలుశిక్ష పడినది. పత్రికలకు స్వేచ్ఛ తక్కువగా ఉన్న దేశంలో ఈ శోధనను సమర్థించేవారు ముందుగా చూపే ఉదాహరణ ఇదే.

గోప్యత, న్యాయస్థానాలు

2007 డిసెంబరులో బీజింగ్‌లో ఒక వివాహిత, భర్త పరస్త్రీ సంబంధం గురించి దినచర్యలో వ్రాసి ఆత్మహత్య చేసుకున్నది. ఆమె వ్రాతలు అంతర్జాలంలో వెలువడిన పిమ్మట భర్త ఉద్యోగం పోయినది. అతని తల్లిదండ్రుల ఇంటి గోడలపై దూషణలు వ్రాశారు. అతడు వేసిన దావాలో చావోయాంగ్ జిల్లా న్యాయస్థానం 2008 డిసెంబరులో తీర్పు చెప్పినది. భర్త ప్రవర్తన అనైతికమని మందలిస్తూనే, అతని గోప్యతకు, ప్రతిష్ఠకు భంగం కలిగినదని రెండు జాలస్థలుల బాధ్యులపై నష్టపరిహారం విధించినది. సకాలంలో వివరాలు తొలగించిన టియాన్యా వేదికను బాధ్యత నుండి తప్పించినది. పరిహారం స్వల్పమే. అయినా దోషికి కూడా గోప్యత ఉంటుందని గుర్తించినందున ఈ తీర్పు ముఖ్యమైనది.

దోషమే రుజువు కాని సందర్భాలు మరింత విషాదకరం. 2013 డిసెంబరులో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని లుఫెంగ్‌లో ఒక బట్టల దుకాణం యజమాని, దొంగతనం చేసినదనే అనుమానంతో ఒక విద్యార్థిని కెమెరా చిత్రాలను వైబోలో ఉంచి ఆమె ఎవరో కనుగొనమని కోరారు. త్వరలోనే ఆమె పాఠశాల, చిరునామా బయటపడ్డాయి. ఆ బాలిక నదిలో దూకి మరణించినది. యజమానికి 2014లో ఒక సంవత్సరం జైలుశిక్ష పడినది.

చట్టాలు

జియాంగ్సు రాష్ట్రంలోని షుజౌ నగరం 2009లోనే ఇతరుల వివరాలను అనుమతి లేకుండా వెల్లడించడాన్ని నిషేధించినది. అవినీతిపరులకు ఇది రక్షణ అవుతుందని అప్పట్లో పలువురు విమర్శించారు. 2020 మార్చి 1 నుండి అమలైన జాతీయ నిబంధనలు మానవ మాంస శోధనను పేరు పెట్టి నిషేధించాయి. 2021 నవంబరు 1 నుండి వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం అమలులోకి వచ్చినది. ఇటీవలి కాలంలో 'పెట్టె తెరవడం' అనే కొత్త పేరు వ్యాపించినది. ఇందులో గుంపుగా వెదకడం కన్న, దొంగిలింపబడిన సమాచార నిధుల నుండి వివరాలు సంపాదించడమే ఎక్కువ.