దండుగ పోయింది, చలాన్ వచ్చింది

కోరుట్లలో 63వ నంబరు జాతీయ రహదారి ఊరి నడుమ నుంచే పోతుంది. కూరగాయల సంచి హ్యాండిల్‌కు తగిలించుకుని బండి మీద ఇంటికి పోతున్న మనిషికి రోడ్డు పక్కన ఓ పోలీసు ఫోన్ పైకెత్తడం కనిపిస్తుంది. ఆగమనడు, ఏమీ అడగడు. తర్వాత మెసేజ్ వస్తుంది. హెల్మెట్ లేనందుకు జరిమానా, దానిపైన యూజర్ చార్జి. ఇంట్లో వినపడే మాట ఒక్కటే: "ఫోటో కొట్టిండు. దండుగ!"

ఆ మాటను పట్టుకుంటే చాలా వెనక్కి పోవచ్చు. తప్పు చేసినందుకు కట్టే సొమ్ము దండుగ. ఫలితం లేకుండా పోయిన సొమ్మూ దండుగే. ఒకే మాటలో రెండర్థాలు ఊరికే కలవలేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో జుర్మానా అంటే ఏమిటో జనానికి మొదట నేర్పింది ట్రాఫిక్ పోలీసులు కాదు.

ఊళ్లలో బందెలదొడ్డి ఉండేది. పరాయి చేనులో పడి మేసిన బర్రెను కావలికారు తోలుకొచ్చి దొడ్లో కట్టేసేవాడు. యజమాని వచ్చి జుర్మానా కట్టాలి, దానిపైన మేత ఖర్చూ కట్టాలి. 1871లో బ్రిటిష్ ఇండియాలో చేసిన పశువుల చట్టంలోనూ ఈ రెండు పద్దులున్నాయి. జరిమానాకు తోడు యూజర్ చార్జి అన్న లెక్క కొత్తదేమీ కాదన్నమాట. కాకపోతే బందెలదొడ్డి న్యాయం అందరి కంటికీ కనపడేది. చేను పాడైంది, బర్రె దొరికింది, పైసలు కట్టారు. ఎవరికి నష్టమో, ఎవరిది తప్పో ఊరంతటికీ తెలుసు.

దొర గడీలో జరిగే పంచాయితీ వేరు. అన్నదమ్ముల పాలు, ఆలుమగల తగవు, గెట్టు పేచీ, ఏదైనా సరే దొర ముందుకు పోవాలి. ఆయన వేసిన దండుగ ఆయన ఇంటికే పోయేది. రసీదు లేదు, పైన అప్పీలు లేదు. తీర్పు చెప్పేవాడే సొమ్ము ఉంచుకుంటే తగవులు తగ్గాలని ఎందుకు కోరుకుంటాడు?

1978 నాటి రైతుకూలీ పోరాటాన్ని ఈ కోణంలోంచి కూడా చూడాలి. ఆ ఏడాది సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్రకు పల్లెల నుంచి వేలాది మంది నడిచొచ్చారు. వెట్టి పోవాలన్నారు, కూలి పెరగాలన్నారు, ఆక్రమించిన భూములు వదలాలన్నారు. పంచాయితీల్లో వసూలు చేసిన దండుగలు తిరిగివ్వాలని కూడా అడిగారు. ఇది చిన్న కోరిక కాదు. ఇక ముందు వేయొద్దని అడగడం వేరు, తీసుకున్నది వాపసు ఇమ్మనడం వేరు. కొన్ని ఊళ్లలో దొరలు ఇవ్వక తప్పలేదు. మాట వినని దొరకు చాకలి, మంగలి పనులు బందయ్యాయి. అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

అలాంటి నేల మీద ఇప్పుడు చలాన్ నడుస్తోంది. పోలీసులు ఖజానా నింపడానికే ఫోటోలు కొడుతున్నారా అన్నది టీకొట్టు దగ్గర రోజూ వినిపించే ప్రశ్న. దొరకూ ఠాణాకూ తేడా ఉందని ముందే ఒప్పుకోవాలి. చలాన్ సొమ్ము ప్రభుత్వానికి చేరుతుంది, ఫోటో తీసిన కానిస్టేబుల్ జేబులోకి కాదు. ఇంకో సంగతీ ఉంది. 2019 సెప్టెంబరు 1 నుంచి కేంద్రం మోటారు వాహనాల చట్టంలో జరిమానాలు అమాంతం పెంచి, హెల్మెట్ లేకుంటే 1,000 రూపాయలంది. ఆ భారం జనం మీద వేయబోమని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ శాసనసభలోనే చెప్పారు. డబ్బే కావాలనుకున్న ప్రభుత్వం అలాంటి అవకాశాన్ని వదులుకోదు.

మరి 2022 మార్చిలో జరిగిందేమిటి? పాత చలాన్లు కడితే ద్విచక్ర వాహనాలకు 75 శాతం, కార్లకు 50 శాతం మాఫీ అన్నారు. గడువు ఏప్రిల్ 15 దాకా పొడిగించారు. సుమారు 300 కోట్లు వచ్చాయి. 2023 డిసెంబరు 26న మళ్లీ తలుపు తెరిచారు. ఈసారి బైకులకు 80 శాతం, ఆర్టీసీ బస్సులకు, తోపుడు బండ్లకు 90 శాతం. వరుసగా రెండుసార్లు ఇలా చేస్తే అది శిక్షగా మిగలదు, నల్లా బిల్లు బకాయి లాంటిదవుతుంది. వెంటనే కట్టినవాడికి పూర్తి జరిమానా, ఏళ్ల తరబడి ఎగ్గొట్టినవాడికి పావలా వంతు. ఇది అన్యాయం. సొమ్ము ప్రభుత్వానిదే అయినా ఆలోచన మాత్రం వసూలుదే.

గల్ఫ్‌కు పోయొచ్చిన కోరుట్ల, సిరిసిల్ల డ్రైవర్లకు ఇది కొత్త కాదు. సౌదీలో ముఖాలఫా, అంటే ట్రాఫిక్ జరిమానా, పడితే ఎంత నొప్పో వాళ్లకు తెలుసు. అక్కడ కూడా 2024 ఏప్రిల్ 18కి ముందు పడ్డ జరిమానాలను సగానికి తగ్గించారు. అమెరికాలోని ఫెర్గూసన్ కథ ఇంకా చేదు. మిసోరీ రాష్ట్రంలో 21,000 మంది ఉండే చిన్న పట్టణమది. జనం భద్రత కన్నా ఆదాయం మీదే దృష్టి పెట్టి అక్కడి పోలీసులు నడుచుకున్నారని 2015 మార్చిలో అమెరికా న్యాయశాఖే తేల్చింది. 1.33 కోట్ల డాలర్ల బడ్జెట్లో దాదాపు 31 లక్షలు జరిమానాల నుంచే వస్తాయని ముందుగానే రాసుకున్నారు. దెబ్బ ఎక్కువగా తగిలింది నల్లవాళ్లకు.

జగిత్యాల వాళ్లు ఈ చర్చలో మరిచిపోలేని తేదీ 2018 సెప్టెంబరు 11. కొండగట్టు ఘాట్ రోడ్డు దిగుతూ జగిత్యాల డిపో బస్సు లోయలో పడింది. సీట్లకు ఎంతో మించి జనం ఎక్కిన బస్సది. 60 మందికి పైగా పోయారు, ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెలవాళ్లే. హెల్మెట్ లేని తల దూరం నుంచే ఫోటోకు దొరుకుతుంది. కిక్కిరిసిన బస్సు, అరిగిన టైరు, ఘాట్ మలుపు అంత సులువుగా దొరకవు. ఫోటోకు దొరికేదాని వెంటే పడితే ప్రాణం తీసేది తప్పించుకుపోతుంది. హెల్మెట్ వద్దని ఎవరూ అనరు. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. జరిమానా ఆ చావుల వెంట పడాలి.

మీసేవలో చలాన్ కట్టి రసీదు తీసుకున్న మనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తాడు. బండి నంబరుంది, తేదీ ఉంది, చేసిన తప్పుంది, జరిమానా, యూజర్ చార్జి వేర్వేరుగా ఉన్నాయి. ఆ పైసలతో ఏ మలుపు దగ్గర గోడ కడతారో, ఏ చౌరస్తాలో లైటు పెడతారో ఆ కాగితంలో ఎక్కడా లేదు.