సర్సామ్, బిర్సామ్

జ్వరతీవ్రతలో రోగి మతి తప్పి మాట్లాడటాన్ని తెలుగువారు సంధి ప్రేలాపన అంటారు. అరబ్బీ వైద్యులు దానిని ‘హజయాన్’ అన్నారు. అది రోగం కాదు, లక్షణం.

పారసీకంలో ‘సర్’ తల, ‘బర్’ రొమ్ము, ‘సామ్’ వాపు. ఈ సర్సామ్, బిర్సామ్‌లను పలువురు కలగలిపారు. ఇబ్నె సీనా (మ. 1037) ‘అల్ ఖానూన్’ మూడవ గ్రంథంలో ఆ పొరపాటును ఎత్తిచూపాడు. మెదడులోనో, దాని పొరలలోనో వాపు పుడితే అది అసలైన సర్సామ్; ఇతర అవయవాల వ్యాధి మెదడుకు సోకగా కలిగే కలవరం వేరు. న్యుమోనియా వంటి దూరపు జబ్బు సైతం వృద్ధుల మతిని చెదరగొట్టగలదని నేటి వైద్యమూ అంటుంది. మెదడులో ఎసిటైల్‌కోలిన్ తగ్గడం అందుకొక కారణమని భావిస్తుంది.

ఇది హకీముల గొడవ మాత్రమే కాదు. హస్కఫీ (మ. 1677) ‘అద్దుర్రుల్ ముఖ్తార్’లో తలాఖ్ చెల్లనివారి వరుసలో పిచ్చివానితోపాటు బిర్సామ్ రోగినీ చేర్చాడు. పేరు రొమ్ముదైనా ఫుఖహాలు ఉద్దేశించింది మతినే! చిక్కేమంటే, సంధి నిలకడగా ఉండదు. ఉదయం తేటగా ఉన్నవాడు రాత్రికి భార్యనే గుర్తించకపోవచ్చు. కాబట్టి జబ్బు రుజువైతే చాలదు. ఆ మాట పలికిన ఘడియలో అతని స్థితి ఏమిటో తేలాలి. దానికి సాక్షులు సాధారణంగా పడక దగ్గర మేలుకొని ఉన్న ఇంటివారే.