నెట్‌వర్క్ స్విచ్‌ల స్వయంచాలక అమరిక

కొత్త నెట్‌వర్క్ స్విచ్‌కు కరెంటు, కేబుల్ ఇవ్వగానే అది తన ఐపీ అడ్రసును, సాఫ్ట్‌వేర్‌ను, సెట్టింగులను సర్వర్ నుంచి తానే తెచ్చుకునే పద్ధతి ఇది. పరిశ్రమలో దీన్ని జీరో టచ్ ప్రొవిజనింగ్ అని, పొట్టిగా జెడ్‌టీపీ అని అంటారు. ఒక పోర్టులో వచ్చిన డేటాను మరో పోర్టుకు పంపడానికి సాధారణ స్విచ్‌కు ఐపీ అడ్రసు అక్కర్లేదు. దూరం నుంచి దాన్ని నిర్వహించాలంటేనే కావాలి. ఆ అడ్రసు పడేదాకా ఇంజనీరు ల్యాప్‌టాప్ పట్టుకుని ర్యాక్ దగ్గరికి వెళ్లి, కన్సోల్ కేబుల్ తగిలించి కమాండ్లు కొట్టాల్సిందే.

తొలి ప్రయత్నాలు

ఈ పద్ధతి పుట్టింది స్విచ్‌ల కోసం కాదు, డిస్కు లేని వర్క్‌స్టేషన్ల కోసం. అడ్రసు దాచుకునే చోటే లేని ఆ యంత్రాల కోసం స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1984లో రార్ప్ అనే ప్రోటోకాల్‌ను ఆర్‌ఎఫ్‌సీ 903 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వెలువరించారు. యంత్రం తన హార్డ్‌వేర్ అడ్రసు చెబితే సర్వర్ ఐపీ అడ్రసు ఇచ్చేది. ఆ అభ్యర్థన రౌటర్‌ను దాటదు కాబట్టి ప్రతి విభాగంలోనూ ఒక సర్వర్ పెట్టుకోవాలి. పైగా అడ్రసు తప్ప మరేమీ దక్కేది కాదు.

1985లో బిల్ క్రాఫ్ట్, జాన్ గిల్‌మోర్ రూపొందించిన బూట్‌పీ ఈ రెండు లోపాలనూ తీర్చింది. అభ్యర్థనను ముందుకు పంపే రిలే సాయంతో అది వేరే నెట్‌వర్క్‌లోని సర్వర్‌కూ చేరేది. ఏ ఫైలు తెచ్చుకోవాలో కూడా జవాబులో ఉండేది. ఆ ఫైలును యంత్రం టీఎఫ్‌టీపీ అనే ఫైలు బదిలీ ప్రోటోకాల్‌తో దించుకునేది. అయితే ఏ యంత్రానికి ఏ అడ్రసో పట్టికలో ముందే ఎక్కించి ఉంచాలి.

డీహెచ్‌సీపీ

1993లో బక్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన రాల్ఫ్ డ్రోమ్స్ రచించిన డీహెచ్‌సీపీ, అడ్రసులను గడువు పెట్టి అద్దెకిచ్చే విధానాన్ని తెచ్చింది. బూట్‌పీ సందేశ రూపాన్నే ఉంచుకోవడంతో పాత రిలేలు దీనికీ పనికొచ్చాయి. 1997 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2131 నేటికీ దీనికి ఆధారం.

స్విచ్‌లకు ముఖ్యమైనవి ఇందులోని ఆప్షన్లు. మెమరీలో కాన్ఫిగరేషన్ లేని స్విచ్ ఆన్ కాగానే 0.0.0.0 అడ్రసుతో నెట్‌వర్క్ అంతటికీ వినపడేలా అభ్యర్థన పంపుతుంది. జవాబులో అడ్రసుతో పాటు 66వ ఆప్షన్‌లో సర్వర్ పేరు, 67లో ఫైలు పేరు వస్తాయి. 2001లో వచ్చిన 82వ ఆప్షన్ ఆ అభ్యర్థన ఏ పోర్టు నుంచి వచ్చిందో సర్వర్‌కు చెబుతుంది. అందువల్ల పాడైన స్విచ్ తీసి అదే పోర్టుకు కొత్తది తగిలిస్తే పాతదాని సెట్టింగులే దానికి అందేలా చేయవచ్చు.

సిస్కో, అరిస్టా, జునిపర్ వంటి కంపెనీలు ఈ పునాదిపైనే తమ తమ జెడ్‌టీపీ విధానాలు కట్టుకున్నాయి. 2013లో క్యుములస్ నెట్‌వర్క్స్ ఓపెన్ కంప్యూట్ ప్రాజెక్టుకు అందించిన ఓనీ మరో మెట్టు ఎక్కింది: ఆపరేటింగ్ సిస్టమ్ లేకుండా వచ్చిన స్విచ్ దాన్ని కూడా నెట్‌వర్క్ నుంచే తెచ్చుకోగలిగింది.

భద్రత

ఈ వ్యవస్థలో మొదటి నుంచీ ఒక బలహీనత ఉంది. జవాబిచ్చింది అసలు సర్వరేనా అని స్విచ్ అడగదు. కొత్త స్విచ్‌లను ఇలాగే అమర్చే సిస్కో స్మార్ట్ ఇన్‌స్టాల్‌లో కూడా అవతలివారెవరో నిర్ధారించుకునే ఏర్పాటు లేదు. 2018 ఏప్రిల్‌లో దాడి చేసినవారు దాని ద్వారానే స్విచ్‌ల కాన్ఫిగరేషన్ చెరిపి, అమెరికా జెండా బొమ్మ పెట్టారు. ఒక్క ఇరాన్‌లోనే 3,500 స్విచ్‌లు దెబ్బతిన్నాయని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది.

2019లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8572 దీనికి విరుగుడు చూపింది. ఫ్యాక్టరీలోనే స్విచ్‌కు డిజిటల్ గుర్తింపు పత్రం ఇస్తారు. నమ్మకం లేని చోటు నుంచి వచ్చిన సెట్టింగులను తన యజమాని సంతకం ఉంటేనే అది స్వీకరిస్తుంది. పాత పద్ధతే వాడేచోట మాత్రం నిర్వహణ నెట్‌వర్క్‌ను విడిగా ఉంచడం, అమరిక పూర్తికాగానే ఆ సదుపాయాన్ని ఆపేయడం తప్పనిసరి.