డోర్నకల్ బిషప్పు అజరయ్య

కాజీపేట నుండి బెజవాడకు పోవు రైలు మార్గమున డోర్నకల్ ఒక జంక్షను. మన పాలమూరు సీమవలెనే అదియు నాడు నిజాము రాజ్యములోనిది. ఆ చిన్న యూరి పేరు దేశాంతరములకు ప్రాకుటకు కారకుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. ఆంగ్లికను సంఘమున బిషప్పు పీఠమెక్కిన తొలి భారతీయుడు ఆయనయే.

ఆయన 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి సీమయందు ఒక క్రైస్తవ గురువునకు జన్మించెను. మదరాసు క్రైస్తవ కళాశాలలో చదివెను. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ ధనముతో, తమ మనుష్యులతో ఒక సేవాసంఘమును స్థాపించుకొనిరి. అందు అజరయ్య ముఖ్యుడు. ఆ సంఘము డోర్నకల్ ప్రాంతమును తన కార్యక్షేత్రముగా ఎన్నుకొనెను. 1909లో ఆయన గురుపట్టము పొంది, తమిళుడయ్యును తెలుగు నేర్చి, ఈ పల్లెలలో పనిచేసెను.

1910లో ఎడింబరో నగరమున ప్రపంచ క్రైస్తవ మహాసభ జరిగెను. దొరలు నిండిన ఆ సభలో ఆయన నిర్భయముగా మాటలాడెను. మీ త్యాగమునకు మేము కృతజ్ఞులమే కాని, మాకు కావలసినది మీ స్నేహము అని ఆయన మాటల సారాంశము. ఆ పలుకు కొందరికి కటువుగా తోచెను. నేలువారికిని ఏలబడువారికిని నడుమనున్న దూరమును మర్యాద చెడకుండ చెప్పుట సామాన్యమైన పని కాదు.

మదరాసు బిషప్పు వైట్‌హెడ్ ప్రోత్సాహమున, కొందరు ఐరోపీయులును కొందరు స్వదేశీయులును అడ్డుచెప్పినను, 1912 డిసెంబరు 29న కలకత్తాలో అజరయ్యకు బిషప్పుగా అభిషేకము జరిగెను.

ఆయన సంఘస్థులలో పెక్కుమంది భూమిలేని మాల మాదిగ కుటుంబములవారు. వారికి చదువు నేర్పుటయేగాక, సంఘములో కులభేదము పాటింపరాదనియు, త్రాగుడు మానవలెననియు బోధించెను. పేదవాడు పుచ్చుకొనువాడు మాత్రమే కాడు, ఇచ్చువాడు కూడ కావలెనని ఆయన పట్టుదల. అందుచేత పంటల పండుగలో కూలివాడును తనకు కలిగినంత ధాన్యము తెచ్చి అర్పించెడివాడు. 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ దేవాలయములో కోవెల స్తంభముల పోలికయు, మసీదు గుమ్మటముల పోలికయు కలిసియున్నవి.

మతము మార్చుకొను విషయమున గాంధీ మహాత్మునితో ఆయనకు తీవ్రమైన అభిప్రాయభేదము కలిగెను. అయినను క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదనుటలో ఆయన జాతీయవాదుల పక్షమే.

1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూసెను. ముప్పదిరెండేండ్ల ఆ కాలములో ఆంగ్లికను డయాసిసునకు అధిపతియైన భారతీయుడు ఆయన తప్ప మరియొకడు లేడు. లెక్కలు వ్రాయు నావంటివానికి ఆ ఒక్క అంకె చాల సంగతులు చెప్పును. యోగ్యుడు దొరకక కాదు, నమ్మకము కుదురక ఆ వరుస ముందుకు సాగలేదు. పీఠము నొక్కదినమున ఈయవచ్చును. సమానుడని నమ్ముటకు మాత్రము తరములు పట్టినవి. మన యూళ్ళలోను ఆ లెక్క యింకను తీరలేదు. కులమడుగక ఎల్లరకును ఒకే బల్లమీద పుస్తకము నందించు గ్రంథాలయమునకు ఈ చరిత్ర స్మరింపదగినది.