పీటర్ గ్రీన్

పీటర్ గ్రీన్ (అక్టోబరు 29, 1946 - జూలై 25, 2020) బ్రిటిషు బ్లూస్-రాక్ గిటారు వాద్యకారుడు, గాయకుడు, గీత రచయిత. ఫ్లీట్‌వుడ్ మాక్ సంగీత బృందాన్ని స్థాపించాడు. ఇతడి అసలు పేరు పీటర్ అలెన్ గ్రీన్‌బామ్.

తొలి జీవితం

ఇతడు లండన్ నగరంలోని బెత్నల్ గ్రీన్‌లో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. 1966లో జాన్ మేయాల్ నడిపే బ్లూస్‌బ్రేకర్స్ బృందం నుండి ఎరిక్ క్లాప్టన్ వైదొలగగా ఆ స్థానంలో చేరాడు. 1967లో వెలువడిన "ఎ హార్డ్ రోడ్" ఆల్బమ్‌తో గుర్తింపు పొందాడు.

ఫ్లీట్‌వుడ్ మాక్

1967లో గ్రీన్ సొంత బృందాన్ని ఏర్పాటు చేశాడు. నాయకుడు తానే అయినా బృందానికి తన పేరు పెట్టుకోలేదు. డ్రమ్మర్ మిక్ ఫ్లీట్‌వుడ్, బాస్ గిటారు వాద్యకారుడు జాన్ మెక్‌వీల పేర్లు కలిపి ఫ్లీట్‌వుడ్ మాక్ అని నామకరణం చేశాడు. 1968లో ఇతడు రచించిన "బ్లాక్ మ్యాజిక్ ఉమన్" వెలువడింది. 1970లో సంటానా బృందం దానిని తిరిగి పాడి ప్రపంచ ప్రసిద్ధం చేసింది. గాత్రం లేకుండా వాద్యాలతోనే సాగే "ఆల్బట్రాస్" 1969 జనవరిలో బ్రిటన్‌లో ప్రథమ స్థానం పొందింది.

వాదనశైలి

వేగంకన్నా స్వరాల మధ్య విరామానికి, భావానికి ఇతడు ప్రాధాన్యమిచ్చాడు. ఇతడి 1959 నాటి గిబ్సన్ లెస్ పాల్ గిటారులో ఒక పికప్ అయస్కాంతం తిరగబడి ఉండేది. రెండు పికప్‌లనూ కలిపి వాయించినప్పుడు అందువల్ల పలుచని, విలక్షణమైన నాదం వచ్చేది. ఈ గిటారు తరువాత గ్యారీ మూర్‌కు, 2014లో మెటాలికా బృందానికి చెందిన కిర్క్ హామెట్‌కు చేరింది.

నిష్క్రమణ, అనారోగ్యం

పేరుతోపాటు వచ్చిన ధనం గ్రీన్‌ను కలవరపెట్టింది. బృందం ఆదాయాన్ని దానధర్మాలకు ఇచ్చివేయాలని ప్రతిపాదించగా సహచరులు అంగీకరించలేదు. ఎల్.ఎస్.డి. అనే మాదకద్రవ్యం వాడకంతో మానసిక ఆరోగ్యం కూడా దెబ్బతింది. 1970 మే నెలలో బృందాన్ని వీడాడు. వైద్యులు స్కిజోఫ్రీనియాగా నిర్ధారించారు. 1970 దశకం మధ్యలో ఇతడికి విద్యుత్ చికిత్స జరిగింది. ఈలోగా ఇతడు పేరు పెట్టిన బృందం, 1977లో "రూమర్స్" ఆల్బమ్‌తో ప్రపంచవ్యాప్త విజయం సాధించింది.

పునరాగమనం

1979లో "ఇన్ ది స్కైస్" ఆల్బమ్‌తో గ్రీన్ తిరిగి వచ్చాడు. 1990 దశకం రెండవ భాగంలో స్ప్లింటర్ గ్రూప్‌ను ఏర్పరచి 2004 వరకు కచేరీలు చేశాడు. 1998లో ఫ్లీట్‌వుడ్ మాక్ సభ్యులతో కలిసి రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం పొందాడు.

2020 ఫిబ్రవరి 25న మిక్ ఫ్లీట్‌వుడ్ లండన్ పలేడియంలో ఇతడి గౌరవార్థం కచేరీ నిర్వహించాడు. ఐదు నెలల తరువాత గ్రీన్ తన 73వ ఏట మరణించాడు.